పొగ కనబడని కారు గాలిని ఎలా పాడుచేస్తుంది?

ప్రశ్న: మేము హైదరాబాదు నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో ఉంటున్నాం. మా పాపకు ఆరేళ్ళు. తన పడకగది కిటికీ సరిగ్గా సెల్లార్ ర్యాంపు మీదికి ఉంటుంది. ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా కింద ఒక్కొక్కరే కారు స్టార్టు చేసి, లోపల ఏసీ చల్లబడేదాకా అలాగే వదిలి పైకి వెళ్తారు. ఆ ఘాటు వాసన గదిలోకి వస్తుంది. సాయంత్రం బడి గేటు దగ్గరా ఇదే పరిస్థితి. చలికాలం మొదలైతే పాపకు పొడి దగ్గు. మావారితో అంటే, "మనది బీఎస్ 6 పెట్రోలు కారు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, సైలెన్సర్ దగ్గర పొగే కనబడదు, ఇక గాలి పాడయ్యేది ఎక్కడ?" అంటారు. ఆయన మాట నిజమేనా? మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: ముందుగా పాప సంగతి. వారాల తరబడి తగ్గని పొడి దగ్గును, అందులోనూ రాత్రిపూట ఎక్కువయ్యే దగ్గును, గాలి మీదికి నెట్టి ఊరుకోకుండా పిల్లల వైద్యుడికి ఒకసారి చూపించండి. అది ఆస్తమా మొదలవుతున్న సూచన కావచ్చు, జలుబు తాలూకు దగ్గూ కావచ్చు. ఆ తేడా చెప్పవలసినది వైద్యుడే కాని, పాలిటెక్నిక్‌లో ఇంజిన్ల పాఠాలు చెప్పిన నేను కాదు. అయితే వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు పడకగది కిటికీ ర్యాంపు మీదికి ఉందన్న విషయం తప్పకుండా చెప్పండి. మనం ఏం తింటున్నామో, ఏం మందులు వాడుతున్నామో వైద్యులు అడుగుతారు. ఎలాంటి గాలి పీలుస్తున్నామో మనంతట మనమే చెప్పాలి.

ఇక మీవారి మాటలో సగం నిజం ఉంది. బీఎస్ 6 అంటే కొత్త బండి ఎంత కాలుష్యం దాకా వదలవచ్చో చెప్పే ప్రభుత్వ నియమం. ఇరవయ్యేళ్ళ కిందటి కారుతో పోలిస్తే మీ కారు చాలా శుభ్రమైనది, అందులో సందేహం లేదు. కాని పొగ కనబడకపోవడం వేరు, పొగ లేకపోవడం వేరు. కారు నుంచి వచ్చేవాటిలో ఒంటికి ఎక్కువ చేటు చేసేవి చాలావరకు కంటికి కనబడవు, వాటిలో అతి ప్రమాదకరమైన ఒకదానికి వాసన కూడా ఉండదు.

చలికాలం ఉదయం మీ కారు స్టార్టు చేసినప్పుడు ఒకసారి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం చివర చూడండి. బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతుంటాయి, కింద సిమెంటు మీద చిన్న మడుగు కూడా కడుతుంది. చాలామంది కారు పాడైందేమోనని కంగారు పడతారు. నిజానికి అది పెట్రోలు మండగా పుట్టిన నీరు. పెట్రోలులో ఉండేవి ముఖ్యంగా రెండే పదార్థాలు, కార్బన్, హైడ్రోజన్. హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది, కార్బన్ కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే రమారమి ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో బయటికి పోతుంది, దానితోపాటు దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ముప్పావు కిలో తూగే పెట్రోలు నుంచి రెండు కిలోల పైన వాయువు ఎలా వస్తుందని ప్రతి ఏడాదీ ఎవరో ఒక విద్యార్థి అడిగేవాడు. పెరిగిన బరువంతా గాలి నుంచి తీసుకున్న ఆక్సిజన్‌ది. లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 11 కిలోల గాలి కావాలి. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలిలో మూడో వంతు. అంత గాలిని లోపలికి పీల్చి, రూపం మార్చి, మనం నిలబడిన చోటనే వదులుతుంది ఇంజిన్.

పెట్రోలు పాఠంలో రాసినట్లు పూర్తిగా మండితే వచ్చేవి ఈ రెండే. కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుంది కాని, ఆరుబయట ఉండే మోతాదులో మీ పాప ఊపిరితిత్తులకు నేరుగా హాని చేసేది అది కాదు. ఇబ్బందంతా పెట్రోలు పూర్తిగా మండకపోవడంతో మొదలవుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కొక్క సిలిండర్ సెకనుకు 25 సార్లు మంట పెడుతుంది. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి, అంటుకొని, మండి, బయటికి పోవడానికి దొరికే వ్యవధి సెకనును వంద భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలు మాత్రమే. పల్లెలో కట్టెల పొయ్యి మీద వండినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు: గాలి ఆడక, కట్టె తడిగా ఉండి, మంట సరిగా అందుకోకపోతే ఇల్లంతా పొగే. ఇంజిన్‌లో కూడా సిలిండర్ గోడల దగ్గర మంట చల్లబడిపోయి, కొన్ని మూలలకు అందక, కొంత పెట్రోలు మండకుండానే బయటపడుతుంది. దాన్ని హైడ్రోకార్బన్లు అంటారు. క్యాన్సర్ కారకమని రుజువైన బెంజీన్ వాటిలో ఒకటి. మీ పాప గదిలోకి వచ్చే ఘాటు వాసన చాలావరకు వీటిదే. సగం మండిన కార్బన్ ఏమో కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది.

ఈ కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తేలికగా వదలదు, ఆక్సిజన్‌కు చోటు దొరకదు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడుస్తుండగా కారులో పడుకున్నవారు నిద్రలోనే చనిపోయిన వార్తల వెనక ఉన్నది ఇదే. మీ సెల్లార్ పూర్తిగా మూసిన చోటు కాకపోవచ్చు, ర్యాంపు వైపు తెరిచి ఉంటుంది. కాని పది కార్లు ఒకే గంటలో ఒక్కొక్కటీ పది నిమిషాలు నడిస్తే, ఫ్యాన్లు లేని సెల్లార్‌లో ఆ గాలి వెంటనే ఖాళీ కాదు. ఉదయం పూట సెల్లార్‌లో కొంతసేపు ఉన్నాక తల దిమ్ముగా ఉందని, వికారంగా ఉందని ఎవరైనా అంటే దాన్ని తేలికగా తీసుకోకండి, వెంటనే వారిని బయటి గాలిలోకి తీసుకురండి.

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియని విషయం, ఇంజిన్లు చేసేవారిని వందేళ్ళుగా వేధిస్తున్న చిక్కు. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. మామూలుగా అది దేనితోనూ కలవదు, ఊపిరితో లోపలికి వచ్చి అలాగే బయటికి పోతుంది. కాని ఇంజిన్ మంటలోని తీవ్రమైన వేడికి, ఆ ఒత్తిడికి, నైట్రోజన్ కూడా లొంగిపోయి ఆక్సిజన్‌తో కలుస్తుంది. అలా పుట్టేవి నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇవి పెట్రోలు నుంచి వచ్చినవి కావు, గాలి నుంచే వచ్చినవి. కనుక ఎంత శుద్ధమైన ఇంధనం పోసినా, వేడి మంట ఉన్నంతకాలం ఇవి పుడుతూనే ఉంటాయి. పైగా కార్బన్ మోనాక్సైడ్ తగ్గాలంటే మంట బాగా మండాలి. మంట బాగా మండితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. ఒకదాన్ని అణచబోతే రెండోది లేస్తుంది. వీటిలో నైట్రోజన్ డయాక్సైడ్ శ్వాసనాళాల లోపలి పొరను మంట పుట్టించి వాచేలా చేస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

ఇంతటితో ఆగదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, మండని హైడ్రోకార్బన్లు ఎండలో ఒకదానితో ఒకటి కలిసి ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆకాశంలో ఎత్తున ఉంటే మనల్ని కాపాడే ఓజోన్, నేల మీద మన ముక్కుకు తగిలే చోట విషం. 1943 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మేస్తే, యుద్ధకాలం కావడంతో శత్రువులు విషవాయువు ప్రయోగించారేమోనని కొందరు భయపడ్డారు. కొన్నేళ్ళ తర్వాత అక్కడి కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో అనాసపండు వాసనకు మూలమైన పదార్థాలను విడదీస్తున్న రసాయన శాస్త్రవేత్త ఏరీ హాగెన్ స్మిత్ అదే పద్ధతిలో నగరపు గాలిని పరీక్షించి, నేరం బయటి శత్రువులది కాదని, సొంత కార్లు, చమురు శుద్ధి కర్మాగారాలు వదిలేవే ఎండకు ఇలా మారుతున్నాయని తేల్చాడు. అంత ఎండ కాసే ఊరు కాబట్టే అక్కడ అంతగా పట్టింది. ఎండకు మన ఊళ్ళలోనూ కొరత లేదన్నది గుర్తుంచుకోవాలి.

ఆ పరిశోధన ఫలితంగానే కాలక్రమంలో కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. మీ కారు కింద, ఇంజిన్‌కు సైలెన్సర్‌కు మధ్య, చిన్న డబ్బాలా ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మె, ఆ రంధ్రాల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను అది కాల్చేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను తిరిగి నైట్రోజన్‌గా విడగొడుతుంది. నేను చూసిన ఇంజినీరింగ్ పరికరాల్లో ఇంతటి మేలు చేసి ఇంత తక్కువ పేరు తెచ్చుకున్నది మరొకటి లేదు.

అయితే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. ఈ కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు దాదాపు పనిచేయదు. రెండు మూడు వందల డిగ్రీల వేడి అందుకున్నాకనే పని మొదలుపెడుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారును ఉదయం స్టార్టు చేసినప్పుడు ఆ వేడి అందుకునేదాకా ఇంజిన్‌లో పుట్టినదంతా ఉన్నదున్నట్లు బయటికి వస్తుంది. పైగా చల్లటి ఇంజిన్ ఆగిపోకుండా ఉండాలని ఆ కాసేపు పెట్రోలు కూడా ఎక్కువ పాళ్ళలో పోతుంది. నగరంలో చేసే చిన్న ప్రయాణంలో ఒక పెట్రోలు కారు వదిలే మొత్తం కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లలో పెద్ద భాగం ఆ మొదటి కొద్ది నిమిషాల్లోనే వెలువడుతుంది. ఆ నిమిషాలు మీ అపార్ట్‌మెంటులో ఎక్కడ గడుస్తున్నాయి? పాప కిటికీ కింద. కారు రోడ్డెక్కి, ట్రాఫిక్‌లో శుభ్రంగా నడిచే సమయానికి మురికిలో చాలా భాగం సెల్లార్‌లోనే మిగిలిపోయి ఉంటుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఈ సంగతి చెప్పదు. ఆ పరీక్షలో పెట్రోలు కారు సైలెన్సర్‌లో సన్నటి గొట్టం దూర్చి, బండి నిలబడి ఉండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. అప్పటికి కారు రోడ్డు మీద నడిచి వేడెక్కి ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు, సూక్ష్మ కణాలను లెక్కించరు. ఇంజిన్ మరీ చెడిపోయిన బండ్లను పట్టుకోవడానికి ఆ పరీక్ష అవసరమే, తప్పకుండా చేయించండి, కాని "ఈ బండి వదిలే గాలి పీల్చవచ్చు" అని రాసిచ్చిన పత్రం కాదది. బీఎస్ 6 కూడా అంతే. దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఆ నియమం నిజంగా గొప్ప ముందడుగు. ఇంధనంలో గంధకాన్ని పది లక్షల భాగాల్లో 50 నుంచి 10కి దించింది, డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి తగ్గించింది. పెట్రోలు కారుకు ఆ పరిమితి 60 మిల్లీగ్రాములు, కార్బన్ మోనాక్సైడ్‌కు 1 గ్రాము. పరిమితి అంటే సున్నా కాదు. ఒక్క కారు వదిలేది తక్కువే, కాని గేటు ముందు నలభై కార్లున్నప్పుడు ఆ తక్కువ నలభై రెట్లవుతుంది.

కాగితం మీది అంకెలకూ రోడ్డు మీది గాలికీ ఎంత తేడా ఉండగలదో 2015 సెప్టెంబరులో ప్రపంచమంతా చూసింది. ఫోక్స్‌వాగన్ సంస్థ తన డీజిల్ కార్లలో, పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టిందని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. రోడ్డు మీద అవి అనుమతించినదానికన్నా 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు సంస్థే ఒప్పుకుంది.

మీ సెల్లార్‌లో డీజిల్ కార్లు కూడా ఉండే ఉంటాయి. డీజిల్ మంటలో మసి ఎక్కువ. ఆ మసి కణాలు చాలావరకు 2.5 మైక్రాన్ల కన్నా బాగా చిన్నవి; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సాధారణంగా యాభై మైక్రాన్లకు పైనే ఉంటుంది, దాన్ని బట్టి అవి ఎంత సన్ననివో ఊహించండి. ముక్కులో వెంట్రుకలకు, గొంతులో తేమకు చిక్కకుండా అవి ఊపిరితిత్తుల లోతుకు పోతాయి, అతి చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో తేల్చిచెప్పింది. కొత్త డీజిల్ కార్లలో ఈ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే ఆ ఫిల్టర్ వేడెక్కి శుభ్రపడే అవకాశం ఉండదు, పూడుకుపోతుంది. అప్పుడు కొందరు మెకానిక్కులు దాన్ని తీసేస్తే పికప్ బాగుంటుందని సలహా ఇస్తారు. దయచేసి ఎవరూ ఆ పని చేయించవద్దు.

ఇంత చిన్న మోతాదులతో నిజంగా మనిషికి ఏమవుతుందని ఇంకా అనుమానం ఉంటే, లండన్‌లో రద్దీ రోడ్డుకు ముప్పై మీటర్ల లోపే ఉండి, తీవ్రమైన ఆస్తమాతో 2013లో చనిపోయిన తొమ్మిదేళ్ళ పాప సంగతి మీవారికి చెప్పండి. తల్లి ఏళ్ళ తరబడి పట్టుబట్టాక, 2020 డిసెంబరులో అక్కడి విచారణాధికారి ఆ పాప మరణానికి దోహదం చేసిన కారణాల్లో వాయు కాలుష్యాన్ని కూడా నమోదు చేశారు. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఇంటికీ వాహనానికీ మధ్య దూరం ఎంత అన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి రాస్తున్నాను. వాహనాల గాలి రోడ్డు అంచున దట్టంగా ఉండి, దూరం పోయేకొద్దీ త్వరత్వరగా పలచబడుతుంది. పిల్లల ముక్కు పెద్దల ముక్కుకన్నా సైలెన్సర్ ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, శరీరం బరువుతో పోల్చిచూస్తే వారు మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. చలికాలం ఉదయాల్లో నేల దగ్గరి చల్లగాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది కనుక, కింద వదిలినది పైకి పోక అక్కడే తిరుగుతుంది. పాప దగ్గు చలికాలంలోనే రావడానికి ఇది ఒక కారణం అయ్యే అవకాశం లేకపోలేదు.

ఇక చేయవలసినవి. మీ కారుతోనే మొదలుపెట్టండి. స్టార్టు చేసి వేడెక్కేదాకా ఉంచడం పాత కార్బురేటర్ల కాలపు అలవాటు; ఇప్పటి ఇంజిన్‌కు అది అక్కరలేదు. అందరూ ఎక్కి, తలుపులు వేసుకొని, బెల్టులు పెట్టుకున్నాక స్టార్టు చేయండి, అర నిమిషంలో కదలండి, మొదటి కిలోమీటరు నెమ్మదిగా పోనివ్వండి. నిలబెట్టి ఉంచినదానికన్నా నడిపినప్పుడే ఇంజిన్, కన్వర్టర్ త్వరగా వేడెక్కుతాయి. కారు లోపలి వేడి పోవాలంటే కదిలాక రెండు నిమిషాలు అద్దాలు దించితే చాలు, ఏసీ కూడా బండి నడుస్తున్నప్పుడే బాగా చల్లబరుస్తుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలిగితే బండి బాగానే నడుస్తోంది కదా అని వాయిదా వేయకండి. కన్వర్టర్‌కు కావలసిన గాలి, పెట్రోలు పాళ్ళను సరిచూసే ఆక్సిజన్ సెన్సర్ పాడైనా ఆ దీపమే వెలుగుతుంది. సైలెన్సర్ నుంచి నీలం రంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోందని, నల్లపొగ వస్తే ఇంధనం ఎక్కువై మండడం లేదని అర్థం.

బడి దగ్గర ఇంజిన్ ఆపండి. పది సెకన్లకు మించి నిలబడవలసి వస్తే ఆపి మళ్ళీ స్టార్టు చేయడమే పెట్రోలుకూ మేలు, గాలికీ మేలు. ఒకసారి వేడెక్కిన కన్వర్టర్ కొన్ని నిమిషాలు ఆపినంత మాత్రాన చల్లారిపోదు. పాపను గేటు దగ్గర కార్ల వరుస మధ్యలో నిలబెట్టకుండా కాంపౌండు లోపల, గేటుకు ఇరవై ముప్పై అడుగుల దూరంలో ఉంచమని టీచరును అడగండి. బడి కిలోమీటరు లోపలే ఉంటే, పెద్ద రోడ్డు కాకుండా సందుల్లోంచి నడిపించి తీసుకువెళ్ళగలిగితే అన్నిటికన్నా మంచిది. అంత దగ్గరికి కారు తీస్తే అది వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. ట్రాఫిక్‌లో ముందు లారీయో బస్సో ఉన్నప్పుడు కారు ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టుకోండి, రోడ్డు ఖాళీ అయ్యాక బయటి గాలి రానివ్వండి, లేకపోతే మన ఊపిరి గాలే లోపల పేరుకుంటుంది. ఎన్95 మాస్కు, ఇంట్లో పెట్టే హెపా ఫిల్టర్ యంత్రం కణాలను పడతాయి కాని వాయువులను ఆపవు. గుడ్డ మాస్కు ఆ రెంటికీ పెద్దగా ఉపయోగపడదు. పాప గది కిటికీ ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా మూసి, తర్వాత తెరవండి. వీలైతే పడక గదినే మార్చండి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, అసోసియేషన్ మీటింగులో మాట్లాడవలసినది. సెల్లార్‌లో ఎవరూ ఇంజిన్ నడుస్తుండగా కారు వదిలి పైకి వెళ్ళకూడదని తీర్మానం చేయించండి. గాలి బయటికి తోసే ఫ్యాన్లు ఉంటే ఉదయం ఆ రెండు గంటలూ వేయించండి, లేకపోతే పెట్టించండి. వాచ్‌మన్ కుటుంబం సెల్లార్‌లోనే ఒక గదిలో ఉండడం మన అపార్ట్‌మెంట్లలో మామూలు. మీ దగ్గరా అలాగే ఉంటే, మీ పాప గంటసేపు పీల్చే గాలిని ఆ ఇంటి పిల్లలు పగలూ రాత్రీ పీలుస్తున్నారు, వారికి మూసుకోవడానికి కిటికీ కూడా ఉండదు. ముందు వారికి పైన ఎక్కడైనా గది చూపించమని అడగండి. అది జరిగేలోగా, ఆ తలుపుకు ఎదురుగా, పక్కన ఉన్న నాలుగైదు కార్ల యజమానులతో మాట్లాడి, సైలెన్సర్ గొట్టం ఆ గది వైపు కాక ర్యాంపు వైపు ఉండేలా కార్లు నిలపమని చెప్పండి. సాయంత్రం కారు పెట్టేటప్పుడు దాన్ని ఏ వైపు తిప్పి నిలపాలన్నది ఒక్క నిమిషం పని.